అరోవానాకు ఎంత ట్యాంకు కావాలి? లెక్క వెడల్పు దగ్గర మొదలవుతుంది

హనుమకొండలోనైనా కరీంనగర్‌లోనైనా కాస్త పెద్ద అక్వేరియం షాపుకు వెళ్తే సిల్వర్ అరోవానా పిల్లలు కనిపిస్తాయి. నాలుగంగుళాల పొడవు, రేకులా సన్నటి ఒళ్లు, కింది దవడ కొసన రెండు చిన్న మీసాలు. నీటి పైపొర కిందే మెల్లగా జారుతూ వెళ్తుంటే చూపు తిప్పుకోవడం కష్టం. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని వాస్తు కోసం కొనేవాళ్లూ ఉన్నారు. ఏ ట్యాంకు కావాలని అడిగితే మూడడుగులది చాలంటారు. ఆ పిల్లకు, ఆ రోజుకు అది నిజమే. బాగా తింటే ఏడాది తిరిగేసరికి అదే చేప అడుగున్నర దాటుతుంది. ఇళ్లలో పెరిగే సిల్వర్ అరోవానా మామూలుగా రెండు నుంచి రెండున్నర అడుగుల దాకా వస్తుంది. అది పుట్టిన అమెజాన్ నదీ ప్రాంతంలోనైతే మూడడుగుల వరకూ పెరుగుతుంది. సరిగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది. అంటే ట్యాంకు కొనేది కవర్‌లో ఇంటికి తెచ్చే పిల్లకు కాదు, రెండేళ్ల తర్వాత హాల్లో ఉండబోయే రెండున్నర అడుగుల చేపకు.

ట్యాంకు అనగానే చాలామంది ఎన్ని అడుగుల పొడవు, ఎన్ని లీటర్లు అని అడుగుతారు. పెద్ద వేట చేపల విషయంలో ముందు అడగాల్సింది వెడల్పు. ముందు అద్దం నుంచి వెనక అద్దానికి ఉన్న దూరం అన్నమాట. పొడవు ఎంత ఉన్నా చివరికి వెళ్లిన చేప వెనక్కి తిరగాలి. అరోవానా అలా రోజుకు కొన్ని వందల సార్లు తిరుగుతుంది. వెడల్పు చాలకపోతే ప్రతి మలుపులోనూ ఒంటిని విల్లులా వంచాలి, మూతి అద్దానికి రాసుకుంటుంది. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ట్యాంకు గోడ పక్కన అందంగా సర్దుకుంటుంది. రెండున్నర అడుగుల చేపకు మాత్రం అది సందు లాంటిది.

దీన్ని డబ్బు ఖర్చు లేకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు. ట్యాంకు పెట్టాలనుకున్న చోట గచ్చు మీద చాక్‌పీస్‌తో దాని పొడవు, వెడల్పు గీయాలి. పాత కార్టన్ అట్టను రెండున్నర అడుగుల పొడవు, అరడుగు వెడల్పున చేప ఆకారంలో కత్తిరించాలి. ఆ అట్టను గీతల మధ్య ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిపి, అక్కడ వెనక్కి తిప్పి చూడాలి. అడుగున్నర వెడల్పు గీతల్లో అట్ట అడ్డంగా పట్టదు, మధ్యలో మడవాల్సి వస్తుంది. రెండడుగుల్లో మూతో తోకో గీతను దాటుతుంది. మూడడుగుల్లో మాత్రం ఏ గీతా తాకకుండా తిరుగుతుంది. నిజం చేప అట్టలా బిగుసుకుని ఉండదు, అరోవానా ఒళ్లు బాగానే వంగుతుంది. కాబట్టి రెండున్నర అడుగుల వెడల్పులోనూ నెట్టుకురావచ్చు. అంతకంటే తగ్గించుకుంటూ పోవడానికి మాత్రం సాకు లేదు.

దీని నుంచి వచ్చే సూత్రం సులువైనదే. వెడల్పు పెరిగిన చేప పొడవు కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి, ఒళ్లు బాగా వంగే చేపకైతే దాని పొడవంత వరకూ తగ్గించుకోవచ్చు. పొడవు చేపకు కనీసం మూడింతలు. ఎత్తు ఆ చేప నీళ్లలో ఎక్కడ తిరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన ఒక సిల్వర్ అరోవానాకు ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు వస్తుంది. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు కాబట్టి 48 ఘనపుటడుగులకు దాదాపు 1360 లీటర్లు. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు కన్నా ఎక్కువ నీళ్లు, హాల్లో అద్దాల మధ్య.

ఎత్తు విషయంలో ఎక్కువమంది పొరపడతారు. ఎత్తుగా ఉన్న ట్యాంకు చూడ్డానికి బాగుంటుంది, నేల మీద తక్కువ చోటు తీసుకుంటుంది. అరోవానా బతుకంతా నీటి పైభాగంలోనే. దాని నోరు పైకి తెరుచుకునేలా ఉండేది అందుకే. అమెజాన్ ఒడ్డున కొమ్మల మీదున్న పురుగులను నీళ్లలోంచి ఎగిరి అందుకునే చేప అది. మూడో అడుగు నీళ్లు దానికి పెద్దగా పనికిరావు కానీ అద్దం మీద భారం మాత్రం అమాంతం పెంచుతాయి. ఎనిమిదడుగుల ట్యాంకులో రెండడుగుల ఎత్తు నీళ్లుంటే ముందు అద్దం మీద మొత్తం ఒత్తిడి సుమారు 450 కిలోలు. అదే ఎత్తు మూడడుగులైతే దాదాపు 1020 కిలోలు అవుతుంది. ఒకటిన్నర రెట్ల ఎత్తుకు రెండింతల కన్నా ఎక్కువ ఒత్తిడి. ఆ ఎత్తుకు పెట్టే డబ్బును వెడల్పుకు పెట్టడం ఎంతో మేలు. ఎగిరే చేప కాబట్టి మూత బరువుగా, గొళ్లెంతో ఉండాలి. పల్చటి ప్లాస్టిక్ మూతను నెట్టుకుని రాత్రిపూట కింద పడి, తెల్లారేసరికి గచ్చు మీద ఎండిపోయిన అరోవానాల కథలు ఈ చేపను పెంచేవాళ్ల దగ్గర కొదవ లేకుండా వినిపిస్తాయి.

ఒళ్లు తిరగడానికి చోటుంటే సరిపోదు, నీళ్ల పరిమాణానికి వేరే లెక్క ఉంది. వేట చేప తినేది మాంసకృత్తులు. వాటిలో సుమారు 16 శాతం నత్రజని. అందులో ఎక్కువ భాగం అమ్మోనియాగా మారి మొప్పల గుండా నీళ్లలోకి వచ్చేస్తుంది. రెండడుగుల అరోవానా రోజుకు 40 శాతం మాంసకృత్తులున్న గుళికలు 20 గ్రాములు తింటుందనుకుందాం. అందులో నత్రజని 1.28 గ్రాములు. అరవై శాతం బయటికి వస్తుందనుకుంటే దాదాపు 0.77 గ్రాములు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న మామూలు ట్యాంకులో ఉండేవి 255 లీటర్లు. అందులో అమ్మోనియా నత్రజని ఒక్క రోజులో లీటరుకు 3 మిల్లీగ్రాముల చొప్పున పెరుగుతుంది. 1360 లీటర్లలోనైతే 0.6 కూడా ఉండదు.

ఫిల్టర్‌లో ఉండే బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ విషం తక్కువ, కానీ దాన్ని తీసేయడానికి నీళ్లు మార్చడం తప్ప తేలిక దారి లేదు. పై లెక్కనే కొనసాగిస్తే చిన్న ట్యాంకులో నైట్రేట్ వారానికి లీటరుకు 94 మిల్లీగ్రాములు పెరుగుతుంది. వారం వారం సగం నీళ్లు మార్చినా అది ఎక్కుతూ ఎక్కుతూ 190 దగ్గర ఆగుతుంది. పెద్ద ట్యాంకులో అదే చేపకు, అదే తిండికి, అదే సగం నీళ్ల మార్పుకు 35 దగ్గరే నిలుస్తుంది. నైట్రేట్ 40 లోపు ఉంచాలన్నది పెంపకందారులు సాధారణంగా పాటించే హద్దు. చిన్న ట్యాంకు కొన్న మనిషి ఎంత శ్రద్ధగా చూసుకున్నా ఆ హద్దులోకి రాలేకపోవడానికి కారణం ఈ లెక్కే. ఫిల్టర్ మార్చినా, మందులు వేసినా ఇది మారదు.

మన నీళ్లు దీనికి ఇంకో చిక్కు తెచ్చిపెడతాయి. ఉత్తర తెలంగాణలో బోరు నీళ్లు చాలాచోట్ల సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7 కన్నా పైనే ఉంటుంది. పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషం పెరుగుతుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో చేపను చంపే రూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే అది 5 శాతం పైన, నీళ్లు 30 డిగ్రీలకు చేరితే ఏడున్నర శాతం దాకా. ఇక నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వారానికి 680 లీటర్లు మార్చాలంటే అన్ని నీళ్లను ఒక రోజు ముందే పట్టి, గాలి కొట్టించి ఉంచుకోవడానికి మూడు నాలుగు డ్రమ్ములు కావాలి. లేదంటే క్లోరిన్‌ను తీసేసే హైపో (సోడియం థయోసల్ఫేట్) వేయాలి. సంపు ఉన్న ఇంటికి ఇది కొంత తేలిక. తీసేసిన నీళ్లు మాత్రం వృథా కావు. నైట్రేట్ నిండిన ఆ నీళ్లు పెరట్లో జామ చెట్టుకు మంచి ఎరువు.

ఇక్కడ ఒక వాదన తప్పకుండా వస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. మన ఊళ్లలో కొర్రమట్ట అంటాం. దాన్ని టార్పాలిన్ ట్యాంకుల్లో, సిమెంటు తొట్లలో వేల కొద్దీ పెంచుతున్నారు కదా, ఒక్క అరోవానాకు ఇంత హంగామా ఎందుకని. రెండు తేడాలు చూడాలి. కొర్రమట్టకు తల లోపల గాలి పీల్చే అవయవం ఉంది. నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా పైకి వచ్చి గుక్కెడు గాలి మింగి బతుకుతుంది. ఎండాకాలంలో చెరువు బురదలో దాక్కుని నెట్టుకొచ్చే జాతి అది. రెండోది కాలం. పెంపకందారు దాన్ని కిలో బరువు అటూఇటూ రాగానే పట్టి అమ్ముతాడు, నెలల లెక్క అది. హాల్లోని చేప పదేళ్లు ఉండాలి. అమ్మకానికి పెంచే కొలతను బతికించుకునే చేపకు వాడితే నష్టపోయేది చేపే. ఒక కొర్రమట్టను సరదాగా అక్వేరియంలో పెంచాలన్నా, పెరిగితే రెండడుగులు వస్తుంది కాబట్టి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాల్సిందే. మూత సందు దొరికితే పాక్కుంటూ బయటికి పోతుంది కూడా.

చేప ట్యాంకుకు తగ్గట్టే పెరుగుతుందన్న మాట కూడా షాపుల్లో బాగా వినిపిస్తుంది. పెరుగుదల తగ్గుతుందన్నది నిజం. అది సర్దుకుపోవడం కాదు, నీళ్లు పాడై, తిరగడానికి చోటు లేక గిడసబారడం. వెన్ను వంకర, మొప్పల మీది రేకు అంచులు బయటికి చుట్టుకుపోవడం, అద్దానికి రాసుకుని మూతి మీద మానని పుండు ఇరుకు ట్యాంకుల్లోని పెద్ద చేపల్లో తరచూ కనిపించే గుర్తులు. అరోవానా మొప్ప అంచు ఒకసారి పూర్తిగా చుట్టుకుపోతే మళ్లీ చక్కబడటం చాలా కష్టం.

ఇప్పుడు ఇంటి సంగతి. 1360 లీటర్లంటే 1360 కిలోలు, 27 సిమెంటు బస్తాల బరువు. 12 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు ఉంటుంది కాబట్టి ఈ సైజు ట్యాంకుకు అద్దాలే 190 కిలోల దాకా తూగుతాయి. స్టాండు కలిపితే మొత్తం టన్నున్నర దాటుతుంది. భారత ప్రమాణాల ప్రకారం ఇళ్ల శ్లాబును మనుషులు, సామాను కోసం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారానికి లెక్కగడతారు. రెండడుగుల ఎత్తు నీళ్లే చదరపు మీటరుకు 600 కిలోలు. శ్లాబు వెంటనే కూలుతుందని దీని అర్థం కాదు, బరువు పక్కలకు పంచుకుంటుంది, దూలాల మీద కొంత పడుతుంది. కానీ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో హాలు మధ్యన ఇంత ట్యాంకు పెట్టాలనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను అడగకుండా పెట్టడం ప్రాణాలతో చెలగాటం. ఈ ఒక్క సంగతిలో పొదుపు పనికిరాదు.

వరంగల్ ఎండలు ఇంకో పరీక్ష. మే నెలలో బయట 44, 45 డిగ్రీలు వస్తాయి, మేడ మీది గదిలో ట్యాంకు నీళ్లు 30 దాటిపోతాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాములు పడితే 30 దగ్గర 7.5. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. మధ్యాహ్నం కరెంటు పోతే ఫిల్టర్, గాలి పంపు రెండూ ఆగుతాయి. అప్పుడు చేపను కాపాడేది నీళ్ల పైభాగం ఎంత విశాలంగా ఉందన్నదే, ఆక్సిజన్ లోపలికి దిగేది అక్కడి నుంచే. చిన్న ట్యాంకులో పైభాగం 6 చదరపు అడుగులు, పెద్దదానిలో 24. నీళ్లు ఎక్కువుంటే వేడెక్కడానికీ ఎక్కువ సమయం పడుతుంది. మళ్లీ వెడల్పే ఆదుకుంటోందన్నమాట. ఇన్వర్టర్‌కు ఒక గాలి పంపు కలిపి ఉంచడం, మూతకు జాలి బిగించి నీళ్ల మీదుగా ఫ్యాను తిప్పడం వేసవిలో తప్పనిసరి. ఫ్యాను గాలికి నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఐసు గడ్డలు వేయడం మాత్రం వద్దు, ఒక్కసారిగా మారే వేడిమి చేపను ఇంకా దెబ్బతీస్తుంది.

పెరడున్న ఇళ్లకు అద్దం కన్నా మంచి దారి ఉంది. జనగామ, మహబూబాబాద్, జగిత్యాల లాంటి ఊళ్లలో ఇంకా చాలా ఇళ్లకు పెరడు ఉంది. చెట్టు నీడనో పందిరి కిందో నేలలోకి సగం దిగేలా పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు సిమెంటు తొట్టి కట్టిస్తే 3500 లీటర్లు దాటుతుంది. శ్లాబు భయం లేదు, అద్దం పగులుతుందన్న టెన్షన్ లేదు. మట్టిలోకి దిగి ఉంటుంది కాబట్టి ఎండ తాపం కూడా తక్కువే తగులుతుంది. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది, అందుకే నాలుగైదు సార్లు నీళ్లు నింపి, కొన్ని రోజులు నానబెట్టి తోడేసి, పీహెచ్ చూసుకున్నాకే చేపను వదలాలి. పైన గట్టి జాలి ఉండాలి. కొంగకూ పిల్లికీ అరోవానా మామూలు చేపే. అద్దంలోంచి పక్క నుంచి చూసే అందం ఉండదు, పైనుంచే చూడాలి. చేపకు మాత్రం హాలు కన్నా ఇదే సుఖం.

అన్ని చేపలకూ ఇలా ఏదో ఒక దారి దొరకదు. రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్ల రెండంగుళాల్లో ఎర్ర తోకతో ముద్దుగా ఉంటుంది. పెరిగితే నాలుగడుగులు, అంతకు మించి. పై సూత్రం ప్రకారం దానికి ఐదారు అడుగుల వెడల్పు, పన్నెండు పదిహేను అడుగుల పొడవు కావాలి. అలిగేటర్ గార్ అయితే 2011లో అమెరికాలోని మిసిసిపీలో దొరికినది ఎనిమిది అడుగులు దాటింది, బరువు 148 కిలోలు. గార్ పొలుసులు పలకల్లా గట్టివి, ఒళ్లు వంగదు, కాబట్టి వెడల్పు తగ్గించే వీలు కూడా లేదు. ఈ రెండింటినీ ఇంటికి తేవద్దని చెప్పడమే సరైన సలహా. ఎర్ర, బంగారు రంగుల ఆసియా అరోవానాది చట్టం చిక్కు. అది అరుదైన ప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందంలో, అన్నిటికన్నా కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ జాబితాల్లోని ప్రాణులను ఉంచుకునేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి.

నాలుగడుగుల ట్యాంకుకే చోటున్న ఇంటికి వేట చేప అందని ద్రాక్ష ఏం కాదు. ఆస్కార్ అడుగు వరకే పెరుగుతుంది, మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరికి వస్తుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుంటే 450 లీటర్లు, ఒక జతకు చక్కగా సరిపోతుంది. ఫ్లవర్‌హార్న్ కూడా అదే సైజు, కానీ ఒంటరిగానే ఉంచాలి, తోడును బతకనివ్వదు. మన వాగుల్లో దొరికే చిన్న మట్టగిడస (శాస్త్రీయ నామం చన్నా గచువా) అరడుగు దాటి కొంచెమే పెరుగుతుంది. మూడడుగుల ట్యాంకులో రాళ్లు, మొక్కలు పెడితే నిజమైన వేటగాడిలా మాటు వేసి పురుగును పట్టే తీరు చూడొచ్చు. రెక్కల అంచున నారింజ రంగు, లోపల నీలం. ఇంత అందమైన చేప మన కాళ్ల దగ్గరే ఉంటే అమెజాన్ దాకా వెళ్లడం ఎందుకనిపిస్తుంది.

చోటు చాలనంత పెరిగిన చేప ఇప్పటికే ఇంట్లో ఉంటే దాన్ని చెరువులో వదలడం మాత్రం చేయకూడని పని. కాకతీయుల కాలం నాటి మన చెరువులు గొలుసుకట్టు. వానాకాలంలో ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు వెళ్తాయి, నీళ్లతో పాటే చేపలూ. ఆ చెరువుల్లో మత్స్య సహకార సంఘాలు ఏటా బొచ్చె, రవ్వు పిల్లలను వదిలి, పెంచుకుని బతుకుతున్నాయి. అక్వేరియం నుంచి బయటపడ్డ సక్కర్ చేపలు తెలుగు రాష్ట్రాల నీళ్లలో ఇప్పటికే వలలు చింపుతున్నాయి. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో అలిగేటర్ గార్ దొరికింది. ఎవరో ఒక ఇంటి ట్యాంకులోంచి తప్ప అది అంత దూరం వచ్చే దారి లేదు.

అలాంటి చేపను పెద్ద ట్యాంకో తొట్టో ఉన్నవాళ్లకు అప్పగించవచ్చు, లేదంటే పెరట్లో తొట్టి కట్టించి దాన్ని మార్చవచ్చు. మార్చేది తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు. ముందు రోజు నుంచి తిండి ఆపాలి. రెండడుగుల చేపను వలతో పడితే పొలుసులు ఊడతాయి, మీసాలు తెగుతాయి. మందపాటి పొడవాటి పాలిథిన్ సంచిని నీళ్లలో ముంచి, చేపను మెల్లగా అందులోకి నడిపించి, నీళ్లతో సహా ఇద్దరు పట్టుకుని ఎత్తాలి. కొత్త తొట్టిలో పాత ట్యాంకు నీళ్లు కొన్ని, పాత ఫిల్టర్‌లోని స్పాంజి ముందే వేసి ఉంచాలి. సంచిని అరగంట నీళ్ల మీద తేలనిచ్చి, కొద్దికొద్దిగా కొత్త నీళ్లు కలిపి, అప్పుడు మూతి విప్పాలి. మొదటి రెండు మూడు రోజులు చేప ఒక మూలే పట్టుకుని ఉంటుంది, తిండి ముట్టదు. దానికి కంగారు పడక్కర్లేదు, లైటు ఆర్పేసి వదిలేస్తే తనంతట తనే తిరగడం మొదలుపెడుతుంది.